జపాన్‌లో దైమ్యోలు తమ సంస్థానాలను యుద్ధం లేకుండా ఎలా వదులుకున్నారు?

1868లో జపాన్‌ను ఏలిన సైనిక పాలకుడు షోగన్ పోయి మెయిజీ చక్రవర్తి పేరిట ప్రభుత్వం వచ్చింది సరే, 260 దాకా ఉన్న దైమ్యోలు, అంటే సంస్థానాధీశులు, మూడేళ్ళలోనే సంస్థానాలు వదులుకుని ఎందుకు ఊరుకున్నారని ప్రశ్న. సైన్యం భయం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం అప్పులు. వాళ్ళకు ఆదాయం మిగిల్చి, అప్పులు ప్రభుత్వం తన నెత్తిన వేసుకుంది. ఆ భారాన్ని తరవాత రైతు మీదికీ చిన్న సమురాయ్ (దైమ్యో కొలువులోని యోధుడు) మీదికీ నెట్టింది. ఈ డబ్బు లెక్క వదిలేసి మెయిజీ చరిత్ర చదివితే తేదీలు గుర్తుంటాయి గానీ విషయం అర్థం కాదు.

1869 జూన్‌లో హకోదాతె దగ్గర తోకుగవా (షోగన్ వంశం) పక్షం చివరి సైన్యం లొంగిపోయింది. అయినా సంస్థానాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. శిస్తు వాళ్ళదే, సైన్యం వాళ్ళదే, కాగితపు నోట్లు కూడా వాళ్ళవే. తోకుగవా నుంచి తీసుకున్న భూముల రాబడే కొత్త ప్రభుత్వానికి ప్రధాన ఆధారం.

అంతకుముందే, 1869 మార్చిలో, సత్సుమా, చోషూ, తోసా, హిజెన్ సంస్థానాల దైమ్యోలు తమ భూమి పత్రాలనూ ప్రజల పట్టికలనూ చక్రవర్తికి సమర్పించారు. మిగతావాళ్ళు వాళ్ళ వెనకే నడిచారు. వాళ్ళనే ఆయా సంస్థానాలకు గవర్నర్లుగా ఉంచారు కాబట్టి ఇదంతా పేరు మార్పే అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. సంస్థానపు నికర రాబడిలో పదో వంతు దైమ్యో సొంత ఖర్చుకు, మిగతాది పాలనకూ సమురాయ్ జీతాలకూ అని విడగొట్టారు. ఆ రోజు నుంచి దైమ్యో జేబు వేరు, సంస్థానపు ఖజానా వేరు.

1871 ఆగస్టు 29న సంస్థానాలను రద్దు చేశారు. ముందుగా సత్సుమా, చోషూ, తోసాల నుంచి దాదాపు 10,000 మంది సైనికులను టోక్యోకు రప్పించి పెట్టుకున్నారు. గవర్నర్లను పదవి నుంచి తీసేసి టోక్యోలో కాపురం పెట్టమన్నారు. పదో వంతు ఆదాయం మాత్రం పోలేదు. సంస్థానం అప్పులు, నోట్లు, సమురాయ్ జీతాలు అన్నీ ప్రభుత్వానికి వెళ్ళాయి. ఖజానా గుల్లయిన దైమ్యోకు ఇంతకన్నా మంచి బేరం ఏముంటుంది? ఒప్పుకోలేని వాళ్ళూ లేకపోలేదు. సత్సుమాలో దైమ్యో తండ్రి షిమజు హిసమిత్సు ఆ కోపంతో తన భవనంలో రాత్రంతా బాణసంచా కాల్పించాడని ప్రతీతి. కత్తి మాత్రం దూయలేదు.

దెబ్బ తిన్నది అప్పిచ్చినవాళ్ళు. 1844కు ముందరి అప్పులు పూర్తిగా రద్దు. 1844 నుంచి 1867 దాకా చేసినవి వడ్డీ లేకుండా 50 ఏళ్ళలో తీరుస్తామన్నారు. 1868 నుంచి చేసిన వాటికి మాత్రం 4 శాతం వడ్డీ, 25 ఏళ్ళ గడువు. ఒసాకాలో పాత షావుకార్లు చాలామంది దీంతో కూలిపోయారు.

తేదీల దగ్గర ఒక జాగ్రత్త. కొన్ని పుస్తకాల్లో సంస్థానాల రద్దు ‘ఏడో నెల 14’ అని ఉంటుంది. అది పాత చాంద్రమానం, తప్పు కాదు. 1873 జనవరి 1 నుంచే జపాన్ నేటి కేలండర్‌కు మారింది. ఆ మార్పుకూ డబ్బుతో ముడి ఉంది. పాత లెక్కలో ఆ ఏడు అధికమాసం వచ్చేది, ఉద్యోగులకు 13 నెలల జీతం ఇవ్వాల్సి వచ్చేది.

ఇక 1873 భూమిశిస్తు సంస్కరణ. జపాన్ చరిత్ర చెప్పేటప్పుడు నేను ముందు చేయించే లెక్క ఇదే. ప్రభుత్వం అధికారులకిచ్చిన నమూనా ఇలా ఉంటుంది. ఒక తాన్ పొలం, అంటే సుమారు పావు ఎకరం, 1.6 కోకుల బియ్యం పండిస్తుంది. కోకు అంటే దాదాపు 150 కిలోలు. కోకు ధర 3 యెన్లు అనుకుంటే పంట విలువ 4.80 యెన్లు. విత్తనాలకూ ఎరువుకూ 15 శాతం, అంటే 0.72 తీసేస్తే 4.08 మిగులుతుంది. ఇందులోంచే భూమి విలువలో 3 శాతం శిస్తు, 1 శాతం గ్రామ పన్ను, 6 శాతం యజమాని లాభం రావాలి. మొత్తం 10 శాతం. కాబట్టి భూమి విలువ 40.80 యెన్లు. శిస్తు 1.224, గ్రామ పన్ను 0.408, కలిపి 1.632.

‘3 శాతమే కదా’ అని చాలామంది ఇక్కడే పొరబడతారు. అది భూమి విలువలో 3 శాతం. పంటతో పోల్చి చూస్తే రెండు పన్నులూ కలిపి 34 శాతం. ఖర్చుల్లో రైతు కూలి లెక్కేలేదు. కౌలు పొలం నమూనా ఇంకా కఠినం: పంటలో 68 శాతం కౌలు కింద పోతుంది, అందులో సగం పన్నులకు, సగం భూస్వామికి. దున్నినవాడికి మిగిలేది 32 శాతం, విత్తనం ఖర్చు కూడా అందులోంచే. భూస్వామి ప్రభుత్వానికి డబ్బు కట్టాలి, కౌలుదారు దగ్గర మాత్రం ధాన్యమే తీసుకునేవాడు. ధర పెరిగితే లాభమంతా భూస్వామిదే.

శిస్తు డబ్బు రూపంలో స్థిరపడటంతో ప్రభుత్వానికి బడ్జెట్ వేసుకునే వీలొచ్చింది, ధర పడితే నష్టం రైతుకు వచ్చింది. పాత రాబడి తగ్గకూడదని పై నుంచే దిగుబడి అంకెలు కేటాయించి ఒత్తిడి చేశారు. 1876లో ఇబరాకి, మియె ప్రాంతాల్లో రైతులు తిరగబడ్డారు. 1877 జనవరిలో శిస్తు 2.5 శాతానికి తగ్గింది. 1881 తరవాత మత్సుకత మసయోషి ఆర్థికమంత్రిగా నోట్లు వెనక్కి లాగితే బియ్యం ధర సుమారు సగానికి పడిపోయింది. శిస్తు మాత్రం అంతే. పొలాలు అమ్ముకున్న రైతులు కౌలుదార్లయ్యారు.

సమురాయ్‌ల విషయానికొస్తే, వాళ్ళ జీతాలు ఖజానాలో మూడో వంతు దాకా మింగేవి. 1876లో వాటిని బలవంతంగా బాండ్లుగా మార్చారు. పెద్ద ఆదాయం వాళ్ళకు 5 ఏళ్ళ నుంచి ఏడున్నరేళ్ళ జీతమంత విలువైన బాండ్లు, 5 శాతం వడ్డీ. చిన్నవాళ్ళకు 14 ఏళ్ళ దాకా, 7 శాతం. వినడానికి చిన్నవాళ్ళ మీద దయగానే ఉంటుంది. చేతికొచ్చింది చూడండి: పై వర్గంలో 519 మందికి సగటున 60 వేల యెన్లు, 7 శాతం వర్గంలో రెండున్నర లక్షల మందికి పైగా సగటున 415 యెన్లు. దాని వడ్డీ ఏడాదికి 29 యెన్లు, రోజుకు 8 సెన్లు (సెన్ అంటే యెన్‌లో నూరో వంతు). దాంతో ఇల్లు గడవక బాండ్లు అమ్ముకున్నారు. అదే ఏడాది మార్చిలో కత్తి ధరించడమూ నిషేధించారు. అక్టోబరులో వరస తిరుగుబాట్లు, 1877లో సత్సుమా సమురాయ్ నాయకుడు సైగో తకమోరి నాయకత్వంలో సత్సుమా యుద్ధం. దాన్ని అణిచింది 1873 నుంచి నిర్బంధ సైనిక సేవలోకి తీసుకున్న సైన్యం. పాత దైమ్యోలేమో బాండ్లనే మూలధనంగా పెట్టి 1877లో పదిహేనో జాతీయ బ్యాంకు తెరిచారు.

1890లో తొలి ఎన్నికలు జరిగినప్పుడు ఓటుకు అర్హత ఏడాదికి 15 యెన్ల ప్రత్యక్ష పన్ను. అప్పటి 2.5 శాతం శిస్తు ప్రకారం 600 యెన్ల భూమి ఉండాలి. పైన చెప్పిన నమూనా పొలమైతే సుమారు మూడున్నర ఎకరాలు. జనాభాలో ఓటు వచ్చింది ఒక శాతం మందికి. అందులో అత్యధికులు భూస్వాములు కాబట్టే తొలి పార్లమెంటులు ఏటా శిస్తు తగ్గింపు కోసం ప్రభుత్వంతో తగవుపడ్డాయి. కౌలు తగ్గింపు ఊసు మాత్రం అక్కడ లేదు.