ట్యాంకు గేము, పెంగ్విన్ గేము, పాత తుపాకీ

ప్రశ్న: మా గుంటడికి పదేళ్లు, ఫోన్‌లో గేములు తప్ప వేరే తెలీదు. మొన్న అటక దులుపుతుంటే నా చిన్నప్పటి క్యాసెట్ గేము సెట్టు, దాని తుపాకీ దొరికాయి. మారియో, కాంట్రా గురించి అందరూ చెప్తారు. అవి కాకుండా వాడికి చూపించదగ్గ పాత గేములున్నాయా? ఆ తుపాకీ కొత్త టీవీకి పనిచేస్తుందా?
– ఓ పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: తుపాకీ పనిచెయ్యదండి. బాతుల్ని కాల్చే గేములో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి బాతు ఉన్నచోట మాత్రం తెల్లగా వెలుగుతుంది, ఆ వెలుగు తుపాకీ గొట్టంలో పడితేనే దెబ్బ తగిలినట్టు లెక్క. ఇదంతా డబ్బా టీవీ వేగానికి కుదిర్చిన ఏర్పాటు. ఎల్‌ఈడీలో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, అంచేత గొట్టం తెరకి ఆనించి కాల్చినా బాతు ఎగిరిపోతుంది.

ఇక గేములు. మన బజార్లో దొరికిన సెట్లు చాలావరకు నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్‌కి నకళ్లు. ఆ క్యాసెట్‌కి 60 పిన్నులు, అమెరికాలో అమ్మినదానికి 72, మన సెట్లలో పట్టేది ఆ 60 పిన్నులదే. అలా జపాన్ గేములు నేరుగా మన ఇళ్లకి వచ్చిపడ్డాయి, అప్పట్లో అమెరికాలో అమ్మనివి కూడా. మనమేమో పేరు కూడా చూడకుండా ట్యాంకు గేము, పెంగ్విన్ గేము అనేశాం.

ట్యాంకు గేము అంటే నామ్‌కో వాళ్ల బ్యాటిల్ సిటీ, 1985. మొత్తం 35 స్టేజీలు, ఒక్కోదాంట్లో 20 శత్రు ట్యాంకులు, కింద ఇటుకల మధ్య మనం కాపాడుకోవాల్సిన గద్ద బొమ్మ. ఇద్దరు కలిసి ఆడితేనే దీని మజా. మన గుండు పక్కవాడికి తగిలితే వాడు కాసేపు కదల్లేడు, గురి తప్పి మన గద్దకే తగిలితే ఆట అక్కడితో సరి. విజయనగరంలో సిరిమాను సెలవులకి మా అన్నా నేనూ స్టేజీ మనమే కట్టుకునే కన్‌స్ట్రక్షన్‌లో కూర్చుని గద్ద చుట్టూ ఉక్కు గోడలు కట్టాం, నీళ్లు పెట్టాం, చెట్లు నాటాం, తీరా స్టార్ట్ నొక్కబోతుంటే కరెంటు పోయింది. అందులో సేవ్ అనే మాటే లేదు. మళ్లీ కట్టే ఓపిక లేక కొట్టుకున్నాం.

కానీ మీవాడికి మొదట పెట్టాల్సింది పెంగ్విన్ గేము, హడ్సన్ వాళ్ల బైనరీ ల్యాండ్, ఫామికామ్‌కి అదీ 1985లోనే వచ్చింది. రెండు పెంగ్విన్‌లు, మీట ఒక్కటే: ఒకటి కుడికి నడిస్తే రెండోది అద్దంలో బొమ్మలా ఎడమకి పోతుంది. సాలెగూట్లో ఒకటి చిక్కితే రెండోది వెళ్లి విడిపించాలి, చివరికి పైనున్న గుండె బొమ్మ దగ్గరికి రెండూ ఒకేసారి చేరాలి. చూడ్డానికి చంటిపిల్లల ఆటలా ఉంటుంది, పది స్టేజీలు దాటేసరికి పెద్దాళ్లకి కూడా బుర్ర తిరుగుతుంది. నా లెక్కలో మారియో కంటే ఇదే గట్టి ఆట, తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి.

కార్ల గేము రోడ్ ఫైటర్ కూడా పెట్టండి. పక్క కారు తగిలి బండి జారినప్పుడు జారిన వైపుకి ఎదురు తిప్పితే నిలబడుతుంది, చిన్నప్పుడు ఆ కిటుకు తెలీక ఎన్ని బళ్లు పేల్చామో!

క్యాసెట్ మీద 9999 అని రాసుంటే నమ్మకండి, అవే పదో పాతికో తిరిగి తిరిగి వస్తాయి. తెర మీద బొమ్మ రాకపోతే మాత్రం మనం చేసినట్టు ఊదొద్దు, నోటి తడికి పిన్నులు తుప్పు పడతాయి. దూదిపుల్లకి కాస్త స్పిరిట్ అద్ది తుడిచి, బాగా ఆరాక పెట్టండి.