పారాలింపిక్స్‌లో శారీరక వైకల్యం ఉన్నవారే పోటీపడతారా?

కాదు, మేధో వైకల్యం (నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం నెమ్మదిగా సాగే స్థితి) ఉన్నవారూ పోటీపడతారు. పరుగు పందేల్లో వారి విభాగం పేరు టీ20 (క్రికెట్ టీ20తో సంబంధం లేదు).

కాళ్లూ చేతులూ బాగానే ఉంటే ప్రత్యేక విభాగం ఎందుకని చాలామంది అడుగుతారు. ఉదాహరణకు 400 మీటర్ల పరుగు ఒకే ఊపులో పరిగెత్తే పందెం కాదు. ఎక్కడ దమ్ము దాచుకోవాలో, ఎక్కడ వేగం పెంచాలో పరిగెడుతూనే లెక్క కట్టుకోవాలి. ఆ లెక్కే వీరికి కష్టం. అర్హతను పైకి చూసి తేల్చరు, పరీక్షలు చేసే తేలుస్తారు.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజినే తీసుకోండి. టీ20 400 మీటర్లలో 2024లో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డు, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. సూర్యగ్రహణం నాడు పుట్టిందని, పిచ్చిదని, కోతి అని ఊళ్లో వెక్కిరించేవారని తల్లిదండ్రులే విలేకరులకు చెప్పారు. వాళ్లు దాచుకోకుండా చెప్పబట్టే, పతకం వెనక ఆ పిల్ల ఎంత మోసిందో మనకు తెలిసింది.

మేధో వైకల్యాన్నీ మానసిక రోగాన్నీ ఒకటే అనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. మొదటిది ఎదిగే వయసులోనే కనిపించే స్థితి. నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం నెమ్మదిగా సాగుతాయి. రెండోది ఏ వయసులోనైనా రావచ్చు, చికిత్సతో తగ్గవచ్చు. గ్రహణానికి ఈ రెండింటితోనూ ఏ సంబంధమూ లేదు.