పాటను అమ్మాలా, కౌలుకివ్వాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. వయసు 33. బట్టల కొట్టులో పద్దులు రాస్తాను, జీతం 17 వేలు. మా ఆవిడ బట్టలు కుట్టి నెలకు ఓ 4 వేలు తెస్తుంది. ఒక పాప. నేను సొంతంగా పాటలు రాసుకుని, బాణీ కట్టుకుని పాడతాను. మా యూట్యూబ్ ఛానల్‌కు 2,300 మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. ఒక మ్యూజిక్ కంపెనీ నా అయిదు పాటలకు 60 వేలు ఇస్తానంటోంది, సర్వహక్కులూ వాళ్లకే. లేదంటే ఇంట్లో ఉన్న బంగారం తాకట్టు పెట్టి 2 లక్షలు తెచ్చి, సొంత స్టూడియో పెట్టి, ఒక పాటకు పెద్ద వీడియో తీద్దామని ఉంది. ఉద్యోగం మానేస్తే గానీ ఇది సాగదని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ పాటలు విన్నాను, లెక్కలు ఆ తర్వాత చూశాను. సంతకెళ్లే అత్తాకోడళ్ల పాట రెండుసార్లు విన్నాను. అత్త తెలుగులో తిట్టడం, కోడలు ఒడియాలో జవాబివ్వడం బరంపురంలో పుట్టి పెరిగిన నాకు కొత్తేమీ కాదు, మా ఇంట్లో రోజూ జరిగేదే. అయినా పాటలో వింటే నవ్వాగలేదు. ఇంటి మాటతో రాస్తే జనం చులకన చేస్తారేమోనని మీరు మొహమాటపడుతున్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి ఆ మొహమాటమేమిటండీ? హైదరాబాద్‌లో కూర్చుని ఎవరూ రాయలేని పాట అది. కంపెనీ 60 వేలు ఇస్తానంటున్నది కూడా దాన్ని చూసే.

ఇక లెక్కలు. మీరు ఉత్తరంలో విడివిడిగా రాసిన అంకెల్ని ఒకచోట పెట్టాను. ఇంటి రాబడి 21 వేలు. అద్దె 3,500, వెచ్చాలు 7,500, పాప చదువు, మందులు, కరెంటు కలిపి 3 వేలు, చీటీ 2 వేలు, బండి వాయిదా 2,400. మొత్తం 18,400. నెలకు 2,600 మిగలాలి, అంటే ఏడాదికి 31,200. పాట పద్దు వేరే. పోయిన ఏడాది తొమ్మిది ప్రోగ్రాములకు 36 వేలు, పాటల యాప్‌ల నుంచి 2,140, వెరసి 38,140 వచ్చింది. పెట్టింది 71 వేలు. విశాఖలో మూడు పాటల రికార్డింగు, మిక్సింగు 36 వేలు, వీడియో 22 వేలు, ప్రయాణాలు, తిండి 9 వేలు, పాటను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ చందా 2 వేలు, ఫేస్‌బుక్ ప్రకటనలు 2 వేలు. తేడా 32,860. ఇంట్లో ఏడాదంతా మిగలాల్సిన సొమ్ము మొత్తం పాటలోకి పోయి, పైన ఇంకో పదహారు వందలు చేబదులయిందన్నమాట. పద్దులు రాయడమే మీ వృత్తి కాబట్టి ఇది మీకు తెలియదని నేననుకోను. కొట్టు పద్దు రాసినంత ఖచ్చితంగా సొంత పద్దు రాయడానికి చేయి రాదు, అంతే. నాదీ అదే రోగం.

బంగారం మీద అప్పు గురించి. మీ ఊళ్లో అడుగుతున్న వడ్డీ నూటికి రూపాయిన్నర అని రాశారు. 2 లక్షలకు నెలకు 3 వేలు. మీ ఇంటి మిగులు 2,600. వడ్డీకే చాలదు, అసలు మాట దేవుడెరుగు. పాటే వడ్డీ కడుతుందంటారా? మీకు వచ్చిన 2,140 రూపాయలు 31 వేల వినికిడులకు వచ్చాయి, ఒక్కోదానికి ఏడు పైసల లోపు. 3 వేలు రావాలంటే ప్రతి నెలా 43 వేలకు పైగా వినాలి. ఏడాదికి వచ్చినదానికంటే ఎక్కువ, నెలనెలా. బ్యాంకులో వడ్డీ దీనికంటే తక్కువ ఉంటుంది, నిజమే. అయినా నేను వద్దనే అంటాను. మైకు కొంటే పదేళ్లు పని చేస్తుంది. డ్రోన్‌తో మహేంద్రతనయ నది మీదా, రాజావారి కోట మీదా తీసిన వీడియో ఒక్క నెలలో పాతబడిపోతుంది. మీ అత్తాకోడళ్ల పాటను జనం చూసింది ఫోన్‌తో తీసిన వీడియోలోనేగా.

స్టూడియో మాత్రం ఉండాలి, కాకపోతే చిన్నది. ఒక మైకు, దాన్ని కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు వాడినవి చూసి కొనుక్కుంటే 22 వేలలో సరిపెట్టుకోవచ్చు. రికార్డింగు సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. గది గోడలకు నాలుగు బొంతలు వేలాడదీస్తే ప్రతిధ్వని చాలావరకు చచ్చిపోతుంది. (ఎండాకాలంలో ఉక్కపోత భరించాలి, అది వేరే సంగతి.) పాట ఇంట్లోనే రికార్డు చేసి, మిక్సింగు మటుకు పని తెలిసినవాళ్లకు ఆన్‌లైన్‌లో పంపండి. పాటకు 3 వేల చొప్పున మూడు పాటలకు 9 వేలు. డిస్ట్రిబ్యూటర్‌కు 2 వేలు, చిల్లర ఖర్చులు 4 వేలు. అన్నీ కలిపి 37 వేలు. పోయిన ఏడాది పాట తెచ్చిన 38 వేలలోనే సరిపోయింది చూశారా? ఇంటి సొమ్ము ఇంట్లోనే ఉంటుంది. పై ఏడాది మైకు ఖర్చు ఉండదు కనుక 15 వేలతో గడుస్తుంది. ఇందుకోసం పాటకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. ప్రోగ్రాం డబ్బు అందులోకే రావాలి, పాట ఖర్చు అందులోంచే పోవాలి. ఖాతా ఖాళీ అయితే ఆ నెల రికార్డింగు లేదు.

ఇప్పుడు అసలు సంగతి, కంపెనీ కాగితం. మీ నాన్నగారు అక్క పెళ్లికి పాతపట్నం వైపు ఎకరం పొలం అమ్మారనీ, ఇప్పటికీ ఆ దారిలో వెళ్లేటప్పుడు తల తిప్పుకుంటారనీ మీరే రాశారు. పాట కూడా పొలమే. కౌలుకిస్తే గడువు తీరాక మళ్లీ మీ చేతికొస్తుంది. అమ్మితే గట్టు మీద నుంచి చూడటమే. నా ఇరవయ్యో ఏట ఆర్కెస్ట్రాలో పాడే రోజుల్లో, ఒక క్యాసెట్ కంపెనీకి రెండు భక్తి పాటలు 1,500 రూపాయలకు రాసిచ్చాను. చదవకుండా సంతకం పెట్టాను. మా ఊళ్లో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో మైకులోంచి అందులో ఒకటి ఇప్పటికీ వినిపిస్తుంది. మా ఆవిడ నా వంక చూసి నవ్వుతుంది.

చట్టం మీ పక్షానే ఉంది, దాన్ని వాడుకోండి. పాట రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, రిజిస్టరు చేయించకపోయినా సరే. సాహిత్యానికీ బాణీకీ అది మీ జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. మీ పాప పిల్లలు కూడా తినగలిగే పంట. రికార్డింగు మీద హక్కు వేరు, అది విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు రచయితకూ, బాణీ కట్టినవారికీ ఒక రక్షణ వచ్చింది. హక్కులు ఎవరికి రాసిచ్చినా, పాట వాడకంపై వచ్చే రాయల్టీలో సమాన వాటాను వదులుకోవడం కుదరదు. ఆ సవరణ కోసం కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా మాట్లాడారు. కాబట్టి ‘రాయల్టీ ఏమీ ఉండదు’ అని కంపెనీ మనిషి ఫోన్‌లో అంటే కంగారు పడకండి. ఆ మాట కాగితం మీద రాయమనండి.

కాగితంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కగడుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. అందుకే వాళ్లు ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’, ‘ఇకపై రాబోయే అన్ని మాధ్యమాల్లో’ అని మరీ గుర్తుపెట్టుకుని రాస్తారు. ఈ మూడు మాటలూ ఎక్కడున్నాయో వెతికి పట్టుకోండి. నేనైతే ఇలా అడుగుతాను: రెండు పాటలే ఇస్తాను, రికార్డింగు వరకే, అయిదేళ్లకు. సాహిత్యం, బాణీ నావే. ఇప్పుడు 20 వేలు, వచ్చే దాంట్లో సగం. మూడు నెలలకోసారి లెక్క చూపించాలి. కాదంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. అత్తాకోడళ్ల పాట మాత్రం ఏ షరతు మీదా ఈ బేరంలో పెట్టకండి. డబ్బు 50 వేలు దాటితే రాయల్టీ మీద 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, పాన్ ఇవ్వకపోతే 20. మీ మొత్తం ఆదాయం 4 లక్షల లోపే కనుక పన్ను పడదు, రిటర్న్ వేసి పట్టుకున్నది వెనక్కి తెచ్చుకోండి.

ఛానల్ మీ కీబోర్డు వాయించే మిత్రుడి తమ్ముడి జీమెయిల్ మీద ఉందని ఉత్తరం చివర అలవోకగా రాశారు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అదే. ఈ ఆదివారమే కూర్చుని మీ పేరిట మార్పించుకోండి. దాంతోపాటే మీరూ, ఆ అన్నదమ్ములూ ముగ్గురూ ఒక తెల్ల కాగితం మీద రాసుకోండి: ఏ పాటలో సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరికెంత వాటా. డబ్బు రాని రోజుల్లోనే ఇది రాసుకోవాలి. డబ్బొచ్చాక రాయాలంటే మధ్యలో పెద్దమనుషులు కూర్చోవాల్సి వస్తుంది. సవర గిరిజనుల ఊళ్లోని ముసలమ్మ దగ్గర నేర్చుకున్న పల్లవి గురించి అడిగారు. అది ఎవరి సొంతమూ కాని పాట, వాడుకోవచ్చు. అయినా ఆవిడ పేరు వేయండి, ప్రోగ్రాం అయ్యాక ఆవిడ చేతిలో ఓ అయిదొందలు పెట్టండి. ఇది ఆర్థిక సలహా కాదు.

యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, గత 12 నెలల్లో 4 వేల గంటల వీక్షణం కావాలి. మీకు 3,100 గంటలున్నాయి, దగ్గరలోనే ఉన్నారు. కానీ మీ ఛానల్లో ఎక్కువమంది చూసింది మీరు పాడిన సినిమా పాట. అలాంటివాటికి వచ్చే డబ్బు చాలావరకు ఆ పాట హక్కుదారుకే పోతుంది. గంటలు మీవి, గింజలు వాళ్లవి. డబ్బు మొదలయ్యాక గూగుల్ అడిగే అమెరికా పన్ను ఫారం నింపి, పాన్ ఇవ్వండి. లేకపోతే మొత్తం రాబడిలోంచి 24 శాతం దాకా కోయవచ్చు. నింపితే అమెరికాలో చూసినవాళ్ల ద్వారా వచ్చినదాని మీద మాత్రమే, అదీ 15 శాతం. స్పాటిఫై 2024 నుంచి, గత 12 నెలల్లో వెయ్యిసార్లు కూడా వినని పాటకు రాయల్టీ లెక్కే కట్టడం లేదు. మీ అయిదింట్లో రెండే ఆ గీత దాటాయి. అందుకే నెలకో పాట వదలాలన్న ఆలోచన మాని, ఏడాదికి మూడింటిని పట్టుకుని ఊరూరా తిప్పండి. ఇంకొకటి: వింక్ యాప్ 2024లో మూతపడింది. యాప్‌లు వస్తాయి, పోతాయి. మీ అసలు రికార్డింగులు రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు ఇళ్లలో ఉండాలి.

రచయితలకూ, బాణీ కట్టేవారికీ రాయల్టీ వసూలు చేసి పెట్టే సొసైటీ ఐపీఆర్‌ఎస్. అందులో సభ్యత్వం తీసుకోండి. ఆకాశవాణి ఆడిషన్‌కు కూడా దరఖాస్తు పెట్టండి. బరంపురం, జయపురం, విశాఖ, మూడు కేంద్రాలూ మీకు అందుబాటులోనే ఉన్నాయి. అక్కడొచ్చే పైకం గొప్పగా ఉండదు. గ్రేడు వస్తే ప్రోగ్రాం రేటు నాలుగు వేల నుంచి ఆరు వేలు చేసి అడగటానికి నోరొస్తుంది. ఆంధ్రా, ఒడిశా హద్దుకు రెండు పక్కలా పెళ్లిళ్లున్నాయి, వధువు ఇటు, వరుడు అటు అయిన సంబంధాలు మీ దగ్గర బోలెడు. ఇద్దరి పేర్లతో రెండు భాషల్లో పెళ్లిపాట కట్టిస్తే 5 వేలు సంతోషంగా ఇస్తారు. ఎన్నికల పాటలు కూడా కట్టండి, తప్పేం లేదు. పైకం మాత్రం ముందే తీసుకోండి, ఓడిన అభ్యర్థి ఫోనెత్తడు.

ఉద్యోగం మానొద్దు. ఇప్పటికి మీ పాటలకు నిర్మాత ఆ బట్టల కొట్టు యజమానే, ఆయనకు తెలియకపోయినా. పాట ఖాతాలో ఖర్చులు పోను, వరసగా రెండేళ్లు నెలకు 10 వేలు మిగిలితే అప్పుడు మళ్లీ రాయండి. మీ ఖర్చుకు ఆరు నెలలకు సరిపడా, అంటే లక్షా పదివేలు పక్కన ఉండాలి. ఏడాదికి 31 వేల చొప్పున అయితే మూడున్నరేళ్లు పడుతుంది. 40 వేల చీటీ ఇంకా 11 నెలలుంది కదా, పాటలు ఎన్నైనా పాడండి గానీ చీటీ మాత్రం ఇప్పుడు పాడకండి. చివరిదాకా ఆగితే దాదాపు పూర్తి సొమ్ము చేతికొస్తుంది, మూడున్నరేళ్లు కాస్తా రెండున్నరకు దిగుతుంది. రాత్రిళ్లు బండి మీద ప్రోగ్రాములకు తిరిగే మనిషి కాబట్టి బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా రెండూ ఇవాళే తీసుకోండి. ఒక్కోదానికీ 2 లక్షలు. ఆయుష్మాన్ కార్డు ఇంకా తీయించుకోలేదన్నారు, అదీ చూసుకోండి.

ఒడిశా ప్రభుత్వం మహిళలకిచ్చే సుభద్ర పథకం కింద మీ ఆవిడకు వచ్చే 10 వేలు కూడా ‘వీడియోలో కలుపుతాను’ అని రాశారు. అవి ఆమెవి. కుట్టు మిషన్‌కు మోటారు పెట్టించుకుంటుందో, దాచుకుంటుందో ఆమె ఇష్టం. ఇంతకీ తాకట్టు పెడదామంటున్న బంగారం ఎవరిదో మీరు రాయలేదు. ఈ సంగతి ఇంట్లో చెప్పారా? చెబితే ఆమె ఏమందో, కంపెనీ కాగితం నకలుతో పాటు అది కూడా రాసి పంపండి.