యుద్ధంలో మాయమైనవాళ్ళ కేసులకు గడువు పెట్టడం న్యాయమేనా?

న్యాయం కాదు. నేను లా చదవలేదు. సైప్రస్‌లో ముసలివాళ్ళని చూసుకునే పనికి వెళ్ళి నికోసియాలో ఒక పెద్దావిడ ఇంట్లో ఉన్నాను. ఆవిణ్ణి యాయా అనేదాన్ని, అక్కడ మామ్మని అలాగే పిలుస్తారు. 1974లో టర్కీ సైన్యం దిగినప్పుడు వాళ్ళాయన కనపడకుండా పోయాడు.

ఒకరోజు, తప్పిపోయినవాళ్ళని వెతికే కమిటీ నుంచి ఫోను. ఎముకలు దొరికాయి, డీఎన్‌ఏ కలిసింది, వచ్చి చూసుకోండి అని. వాళ్ళమ్మాయి కారు నడిపింది, నేను వీల్‌చైర్ పట్టుకున్నాను. బల్ల మీద తల నుంచి పాదాల దాకా వరసగా పేర్చి ఉంచారు. ఎడమ చెయ్యి మాత్రం లేదు. యాయా ఏడవలేదు. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి ఆయన కాలు విరిగిందట, ఆ చోటు చూపించమంది. ల్యాబు అమ్మాయి మోకాలి కింద ఎముక అతుక్కున్న బొడిపె చూపించింది. యాయా దాన్ని వేలితో చాలాసేపు నిమిరింది. తర్వాత బూట్లేవని అడిగింది. ఆ ఏడే కొన్నవట. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

చర్చిలో పంచడానికి గోధుమలు ఉడికించి, దానిమ్మ గింజలూ బాదం కలిపి నేనే చేశాను. రోజూ నా వంటకి వంకపెట్టే మనిషి ఆ రోజు ఒక్క మాటనలేదు.

తర్వాత వాళ్ళమ్మాయి లాయర్ని కలిస్తే, ఆలస్యమైపోయిందన్నాడు. ఆవిడ చెప్పగా నాకు అర్థమైంది ఇది. టర్కీ మీద మామూలు మనుషులు ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ అనే ఊళ్ళో ఉన్న యూరోపియన్ మానవ హక్కుల వ్యవస్థకి ఫిర్యాదు చేసుకునే వీలే 1987లో వచ్చింది. 1990 జనవరిలో తొమ్మిది కుటుంబాలు వేసిన వర్నవా కేసు 2009 సెప్టెంబరులో గెలిచింది. మనిషి ఏమయ్యాడో తేల్చనంత కాలం తప్పు సాగుతున్నట్టేనని కోర్టు ఒప్పుకుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ 1981లో పెట్టిన ఆ కమిటీ వల్ల ఒరిగేదేమీ లేదని 1990 చివరికల్లా మీకే తెలిసి ఉండాలి, ఆపాటికి రావాల్సింది అని కూడా అంది. చాలా ఏళ్ళు ఆగి వచ్చిన కుటుంబాల్ని 2009 డిసెంబరులో వెనక్కి పంపేసింది. తవ్వకాలు గట్టిగా మొదలైందేమో 2006లో! ఆశ ఏ ఏడాది వదులుకోవాలో జడ్జీలు ఎలా చెబుతారండీ?

ఇది యాయా లాంటి సైప్రస్ గ్రీకు వాళ్ళ గోడు ఒక్కటే కాదు. కమిటీ జాబితాలో 1510 మంది గ్రీకు సైప్రస్ వాళ్ళుంటే 492 మంది టర్కిష్ సైప్రస్ వాళ్ళున్నారు. 1964లో కనపడకుండా పోయిన టర్కిష్ సైప్రస్ వాళ్ళ కేసుల్ని కూడా ఆలస్యమైందనే 2002లో స్ట్రాస్‌బర్గ్‌లో కొట్టేశారు.

మన దగ్గర గొప్పగా ఉందనుకోకండి. 1993 మానవ హక్కుల చట్టం సెక్షన్ 36(2) ప్రకారం ఘటన జరిగి ఏడాది దాటితే మానవ హక్కుల కమిషన్ విచారించకూడదు. మా వీధిలో ఒకామె భర్త కువైట్ వెళ్ళి జాడ లేకుండా పోతే, డెత్ సర్టిఫికెట్ కోసం వెళ్ళిన ఆమెని "ఏడేళ్ళు ఆగమ్మా" అన్నారు. చచ్చాడనుకోడానికి ఏడేళ్ళు, ఫిర్యాదుకి ఏడాది! పంజాబ్‌లో పోలీసులు గుర్తు తెలియని శవాలంటూ దహనం చేసిన కేసులో మాత్రం సుప్రీంకోర్టు 1998లో ఈ ఏడాది గడువు అడ్డు కాదంది, అదీ కమిషన్ సుప్రీంకోర్టు ఆదేశం మీదే పనిచేస్తోంది కాబట్టి.

సాక్షులు పోతారు, కాగితాలు పోతాయి, అందుకే గడువు అంటారు లాయర్లు. ఆ కాగితాలు సైన్యం బీరువాలో ఉంటే ముసలావిడ ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఇది చాలదన్నట్టు, స్వదేశంలో చివరి తీర్పు వచ్చాక స్ట్రాస్‌బర్గ్ వెళ్ళడానికి ఉన్న ఆరు నెలల్ని 2022 ఫిబ్రవరి నుంచి నాలుగు చేశారు. నాకు కుల సర్టిఫికెట్ రావడానికే అంతకన్నా ఎక్కువ పట్టింది.