ఒక జాతిలో ఒకే ఒక్క మొక్క మిగిలితే దాన్ని మళ్లీ పెంచగలమా?

పెంచగలం, కానీ చాలా కష్టం. దీనికి మంచి ఉదాహరణ కేఫ్ మారాన్. మారిషస్‌కు తూర్పున సుమారు 600 కిలోమీటర్ల దూరంలోని రోడ్రిగ్స్ దీవిలో తప్ప సహజంగా మరెక్కడా పెరగని పొద ఇది. కాఫీ కుటుంబానికి చెందినదే. తెల్లని నక్షత్రాల్లాంటి పూలు పూస్తుంది.

ఇది అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. అలాంటిది 1980 ప్రాంతంలో ఒక బడిపిల్లాడు రోడ్డు పక్కన ఒక మొక్కను గుర్తుపట్టాడు! స్థానికులు నాటు వైద్యం కోసం దాని కొమ్మలు విరుస్తుంటే చుట్టూ కంచె వేయాల్సి వచ్చింది.

1986లో కొన్ని కొమ్మలను లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానానికి పంపారు. అవి వేళ్లూనుకుని బాగా పూశాయి, కాయ మాత్రం కట్టలేదు. అసలు చిక్కు ఇక్కడే. కొమ్మల నుంచి ఎన్ని మొక్కలు చేసినా అవన్నీ ఒకే మొక్కకు నకళ్లు. విత్తనం వస్తేనే కొత్త తరం. అక్కడి కార్లోస్ మాగ్దలేనా అనే ఉద్యానకారుడు పూల కీలాగ్రాన్ని (పుప్పొడిని అందుకునే కొనను) కోసి, ఆ కోసిన చోట నేరుగా పుప్పొడి అద్దుతూ ఓపికగా ప్రయత్నించాడు. చివరికి 2003లో విత్తనాలు వచ్చాయి. తర్వాత క్యూ నుంచి విత్తనాలు రోడ్రిగ్స్‌కు తిరిగి వెళ్లాయి. నాకైతే ఆ పిల్లాడి చూపు, ఈ తోటమాలి పట్టుదల రెండూ సమానమే.