కొత్త సైలెన్సర్ వేశాక హెడ్ దగ్గర లీకు: సిలికాన్ పూస్తే ఆగుతుందా?

తమ్ముడూ, నీ 2017 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి బెండ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చే వంపు పైపు), సైలెన్సర్ రెండూ కంపెనీవి కాకుండా బయటివి వేయించావు. ఇప్పుడు ఇంజిన్ దగ్గర "చఫ్ చఫ్"మంటోంది, యాక్సిలరేటర్ వదిలితే వెనక పటపటమంటోంది. గుంతకల్లులో మెకానిక్ సందులు మూసే ఎర్ర సిలికాన్ పేస్టు పూస్తే నాలుగు రోజుల్లో ఊడిపోయింది, ఇంకేం పూయాలి అని కదా నీ ప్రశ్న. ఏమీ పూయొద్దు. ముందు మొత్తం విప్పు.

నేను అనంతపురంలో ఉంటా. ఇదే పని నా క్లాసిక్ మీద రెండుసార్లు చెడగొట్టి మూడోసారి నేర్చుకున్నా. మొదటిసారి ఆదివారం ఇంటి ముందు నేనే బిగించా. సైలెన్సర్ బరువు కదా, చేతిలో నిలవడంలేదని మొదట వెనకవైపు హ్యాంగర్ (సైలెన్సర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బ్రాకెట్) బోల్టు గట్టిగా బిగించేశా. తర్వాత బెండ్ పైపు మూతి హెడ్‌కు, అంటే ఇంజిన్ పైభాగానికి, సరిగ్గా అందకపోతే, పైపును అక్కడ పట్టే రెండు నట్లు తిప్పి తిప్పి లోపలికి లాగా. అందింది. కాకపోతే ఒక పక్క ఫ్లాంజి (ఆ నట్లు బిగించే పైపు మూతి పట్టీ) ఆనుకుంది, ఇంకో పక్క గోరు పట్టేంత సందు. మర్నాటికి ఆ సందు కింద కాటుక దిద్దినట్టు నల్లటి మసి గీత.

అప్పుడు నేనూ సిలికానే పూశా. గుత్తి దాకా హైవే మీద లాగించి, టీకి ఆగి వంగి చూస్తే ఎండుమిరప తొక్కలా వేలాడుతోంది. ట్యూబు మీద 300 పైచిలుకు డిగ్రీలు తట్టుకుంటుందని రాసి ఉంటుంది, నిజమే. కానీ బండిని గట్టిగా లాగించినప్పుడు హెడ్ నుంచి వచ్చే పొగ వేడి 600 డిగ్రీలు దాటుతుంది. పైగా మీటరు ఇనుప పైపు 300 డిగ్రీలు వేడెక్కితే మూడు నాలుగు మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లారితే మళ్లీ ముడుచుకుంటుంది. అంత కదిలే చోట పైపూత ఎన్నాళ్లు నిలుస్తుంది చెప్పు. హ్యాంగర్ దగ్గర రబ్బరు బుష్ ఉంటే తీసేయొద్దనేది కూడా ఇందుకే.

రెండోసారి "ఇంకొంచెం బిగిస్తే సరిపోతుందిలే" అనుకున్నా. టక్ మంది. స్టడ్డు (హెడ్‌లోంచి బయటికొచ్చే, నట్టు ఎక్కే మరల కడ్డీ) సగానికి విరిగింది. లేత్ షాపులో మిగిలిన మొండెం మీద నట్టు వెల్డింగ్ పెట్టి, వేడి మీద మెల్లగా తిప్పి తీశారు. అల్యూమినియం హెడ్ కదా, మరలు పోయుంటే ఖర్చు ఇంకోలా ఉండేది. నీ పాత నట్లు తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టిపెట్టు. రాకపోతే ఒంటి బలం చూపించొద్దు.

మూడోసారి పాత ఊర్లో ఒక ముసలి మెకానిక్ భాయ్ దగ్గరికి పోయా. ఆయన ముందుగా అడిగింది "ప్యాకింగ్ కొత్తది తెచ్చినావా?" అని. హెడ్‌లో పైపు మూతి కూర్చునే చోట ఉండే రింగు ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే. పాతదే మళ్లీ వేస్తే లీకు ఖాయం. ఊడదీసిన పాతది ఇంకా లోపలే అతుక్కుపోయి ఉందేమో టార్చి వేసి చూడు, దానిమీదే కొత్తది వేసేస్తుంటారు. కూర్చునే చోట మసి గీకేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో గీతలు పడనివ్వకు.

ఆ తర్వాత భాయ్ అన్నీ వదులుగానే తగిలించాడు. హెడ్ నట్లు వేలితో తిరిగేంత, బెండ్ పైపు, సైలెన్సర్ కలిసేచోటి క్లాంపు ఊరికే, హ్యాంగర్ బోల్టు దూర్చి వదిలేశాడు. సైలెన్సర్ పట్టుకుని అటూ ఇటూ ఊపి, "పైపును లాగొద్దు బేటా, అది ఎక్కడ కూర్చుంటానంటే అక్కడ కూర్చోనీ" అన్నాడు. హ్యాంగర్ రంధ్రం ఫ్రేములో రంధ్రానికి ఎదురుగా రాలేదు. బోల్టుతో గుంజకుండా, ఉన్న సందుకు సరిపడా వాషర్లు పేర్చాడు. నా లీకు మొత్తం ఆ రెండు వాషర్లలో ఉందని అప్పుడు తెలిసింది. బయటి పైపులు మన బండికని చెప్పి అమ్మినా బ్రాకెట్ కొంచెం అటూ ఇటూగానే వస్తుంది. బిగింపు హెడ్ దగ్గర మొదలుపెట్టాడు. ఈ నట్టు పావు తిప్పు, ఆ నట్టు పావు తిప్పు, రెండు పక్కలా సందు సమానంగా తగ్గేలా. తర్వాత క్లాంపు, అన్నిటికన్నా చివర హ్యాంగర్. మరలకు కాస్త కాపర్ గ్రీజు రాశాడు, మళ్లీ విప్పే రోజు వస్తుంది కదా.

పూత కావాలంటే బెండ్ పైపు, సైలెన్సర్ ఒకదాంట్లో ఒకటి దూరే జాయింటు దగ్గర వాడుకో. అక్కడ కూడా సిలికాన్ కంటే వేడికి గట్టిపడే ఎగ్జాస్ట్ పేస్టు మేలు. ఇంట్లో నీళ్ల పైపులకు పెట్టే ఎపాక్సీ ముద్ద మాత్రం వద్దు. ఆస్బెస్టాస్ తాడు చుట్టిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకు, ఆ నూగు ఊపిరితిత్తుల్లో చేరితే పోదు.

స్టార్ట్ చేసేముందు పైపు మీద వేలిముద్రలు థిన్నర్ గుడ్డతో తుడిచెయ్. స్టీలుదైతే ఆ ముద్రలు కాలి అలాగే ఉండిపోతాయి, నా దాని మీద బొటనవేలు ఇప్పటికీ కనిపిస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాను గాలి లేని చోట ఊదుబత్తి పొగను ఫ్లాంజి చుట్టూ తిప్పు. లీకుంటే పొగ అక్కడ తడబడుతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక, పూర్తిగా చల్లారినప్పుడు, నట్లు ఇంకోసారి చూసుకో.

ఆ పటపటల సంగతి: యాక్సిలరేటర్ మూసినప్పుడు కాలని పెట్రోలు ఆవిరి పైపులోకి వస్తుంది. ఇంజిన్ పొగను వదిలే ప్రతి దెబ్బ తర్వాత పైపులో ఒత్తిడి పడిపోయి, సందులోంచి బయటిగాలి లోపలికి పోతుంది. రెండూ కలిసి పైపులోనే అంటుకుంటాయి. లీకు ఆగినా ఇంకా ఉంటే అప్పుడు కార్బురేటర్ చూపించు. బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లున్నవాళ్లకు ఇంకో తంటా: పైపులో పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ కంటే ముందు లీకుంటే, ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువైందనుకుని బండి ఎక్కువ పోస్తుంది, మైలేజి పడిపోతుంది.

శబ్దం కోసమైతే సైలెన్సర్ లోపల శబ్దం తగ్గించే బాఫిల్ తీయించకు. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత దాని సెక్షన్ 190(2) కింద జరిమానా పదివేల దాకా, లైసెన్సు మూడు నెలలు పోతుంది.

విప్పినాక ఆ పాత ప్యాకింగ్ ఫొటో ఇక్కడ పెట్టు. ఒక పక్కే ఎక్కువ నలిగి ఉంటే నీదీ నా వాషర్ల కథే.