చిట్టడవిలో మొక్కల సర్వే: క్వాడ్రాట్ ఎంత, ఏ కాలంలో వెళ్లాలి?

కడప జిల్లా లంకమల వైపు ముళ్లపొదల అడవిలో 10×10 మీటర్ల క్వాడ్రాట్లు, అంటే మొక్కలు లెక్కపెట్టేందుకు నేల మీద గీసుకునే చదరాలు వేసి, చెట్ల చుట్టుకొలత తీస్తే వైవిధ్యం తేలుతుందా అని అడిగారు. తేలదు. ఎమ్మెస్సీ రోజుల నుంచి ఆ అంచుల్లో తిరుగుతున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

ఛాతీ ఎత్తున, అంటే 1.37 మీటర్ల దగ్గర టేపు చుట్టడం నిలువుగా ఎదిగే చెట్లకు పనికొచ్చే పద్ధతి. ఇక్కడ కలివి, బలుసు, పరికి మొదట్లోనే కొమ్మలుగా చీలిపోతాయి. చండ్ర కూడా నరికిన మోడు నుంచి చిగిర్చి, మేకలు మేసి గుబురైపోతుంది. మేం పొదనే ఒక లెక్కగా తీసుకుని ఎత్తు, రెండు అడ్డకొలతలు రాసుకునేవాళ్లం. 10×10 లోపలే పొదలకు 5×5, చిన్న మొక్కలకు 1×1 వేయండి. ఈ 1×1 మాత్రం ఖాళీ నేల మీద ఒకటి, పొద కింద ఒకటి ఉండాలి. మేత ఎక్కువున్న చోట లేత తీగలు, మొలకలు బతికేది ముళ్ల మాటునే. నాకు కుందేటి కొమ్ములు అనే మొక్క కనపడిందీ ఎక్కువగా పొదల మొదళ్లలోనే. చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి, రక్తపింజరికీ ఆ నీడే ఇష్టం.

కాలం సంగతి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఒకసారి తప్పనిసరి. సెరోపీజియా లాంటి గడ్డ తీగలు వానలకు లేస్తాయి, ఎండల్లో వెతికినా పైన ఆనవాలుండదు. కొండగోగు ఆకు రాల్చాక పూస్తుంది కనుక ఫిబ్రవరి, మార్చిల్లో మరోసారి వెళ్లండి.

గొర్రెల కాపరి ఒకరు తోడుంటే సగం పని అయినట్టే. కానీ పేర్లు ఊరూరికీ మారతాయి, పూతో కాయతో ఉన్న కొమ్మను కాగితాల మధ్య నొక్కి దాచుకోండి. పువ్వు రంగు అక్కడికక్కడే రాయాలి, ఎండితే పోతుంది. గడ్డ మొక్కల్ని పెకలించొద్దు, ఫొటో చాలు. పోల్చుకోవడానికి అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండాగారం ఉంది. అభయారణ్యంలో అడుగుపెట్టేముందు అటవీశాఖ అనుమతి కాగితం చేతిలో ఉండాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, చెట్ల కొమ్మల పైకప్పు 10 శాతం లోపున్న అటవీ భూమిని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ‘స్క్రబ్’గా రాస్తుంది, అడవి విస్తీర్ణంలో కలపదు. మీ నివేదికలోనూ చెట్ల లెక్కే ఉంటే ‘ఇక్కడేముంది, మొక్కలు నాటేద్దాం’ అంటారు. 1900 తర్వాత జాడలేని కలివికోడి అనే అరుదైన పక్షి 1986లో మళ్లీ కనపడింది ఈ పలచటి పొదల్లోనే. దానికి పొదల మధ్య ఖాళీ నేల కావాలి. ఆ ఖాళీని కూడా కొలిచి రాయండి.

ఇంకొకటి, జాతుల వైవిధ్యాన్ని ఒక్క అంకెలో చెప్పే షానన్ సూచీని గుడ్డిగా నమ్మొద్దు. బాట పక్కన, తవ్విన చోట కలుపు చేరితే సూచీ పెరిగి మురిపిస్తుంది. దానికి బలుసూ సర్కారు తుమ్మా ఒకటే. బయటినుంచి వచ్చినవాటిని, లంటానాతో సహా, వేరే వరుసలో పెట్టి సూచీ రెండుసార్లు కట్టండి.